లండన్ పోర్ట్రెయిట్ గ్యాలరీ: అమ్మానాన్నలకి నచ్చుతుందంటారా?

ఉమ_ఆర్
అందరికీ నమస్కారం. అమ్మానాన్న నా దగ్గరికి వచ్చి మూడు వారాలైంది. టవర్ బ్రిడ్జి, బకింగ్‌హామ్ ప్యాలెస్ అన్నీ అయిపోయాయి. వచ్చే శనివారం ఒక పూట ఖాళీగా ఉంది. ట్రఫాల్గర్ స్క్వేర్ పక్కన నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ ఉంది కదా, అక్కడికి తీసుకెళ్దామని నా ఆలోచన. చదువుకునే రోజుల్లో వాన పడుతుంటే ఒకసారి అందులోకి దూరాను. సగం గుర్తుంది, సగం లేదు.

నాన్న రిటైరైన ఇంగ్లీషు మాస్టారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, గంట కంటే ఎక్కువ నిలబడలేదు. మా వాడికి తొమ్మిదేళ్ళు, మ్యూజియం అంటే చాలు కడుపునొప్పి వస్తుంది. ఈ ముగ్గురినీ ఒకేచోట మెప్పించడం సాధ్యమా? "ఎవరివో ముఖాలు చూడ్డానికి అంత దూరం వెళ్ళాలా?" అని అమ్మ ఇప్పటికే అడిగేసింది. వెళ్ళినవాళ్ళు నిజం చెప్పండి.

గోదారిగట్టు
నిజమే చెప్తున్నా, వద్దు. పక్కనే నేషనల్ గ్యాలరీ ఉంది. అది చూపించండి చాలు. అక్కడ వాన్ గో పొద్దుతిరుగుడు పువ్వులు ఉన్నాయి, అమ్మగారికి పేరు తెలియకపోయినా పువ్వులు నచ్చుతాయి. పోర్ట్రెయిట్ గ్యాలరీ అంటే గది తర్వాత గది, విగ్గు తర్వాత విగ్గు. మూడో గదికే నాకు అందరూ అన్నదమ్ముల్లా కనిపించారు.

కుంచె
గోదారి గారూ, మీరు నేషనల్ గ్యాలరీలో ఎంతసేపు తిరిగి పోర్ట్రెయిట్ గ్యాలరీకి వచ్చారో అది కూడా చెప్పండి.

గోదారిగట్టు
నాలుగు గంటలు. కాళ్ళు పీకేశాయి. అయినా దానికీ దీనికీ సంబంధం లేదు 🙂

కుంచె
ఉంది. విందు భోజనం చేసొచ్చి, పక్కింటివాళ్ళ పప్పు బాగాలేదన్నట్టుంది.

ఉమ గారూ, ఈ రెండూ పక్కపక్కన ఉండటం వల్ల వచ్చిన తంటా ఇది. నేషనల్ గ్యాలరీలో బొమ్మ గొప్పదా కాదా అన్నదే లెక్క. పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఆ బొమ్మ ఎవరిది అన్నది లెక్క. 1856లో దీన్ని పెట్టినప్పుడే ఆ మాట అనుకుని పెట్టారు: బ్రిటన్ చరిత్రలో పేరున్న మనుషుల ముఖాలు ఒకచోట ఉండాలి, గీసినవాడి పనితనం తర్వాత సంగతి. అందుకే లోపల కొన్ని బొమ్మలు మహా నాసిగా ఉంటాయి. చేతులు కర్రల్లా, మెడలు బాటిల్ మూతల్లా. అయినా గోడ మీద ఉన్నాయంటే అందులో ఉన్న మనిషి కోసమే.

కాబట్టి ఎవరి కథా తెలియకుండా నడిస్తే గోదారి గారి అనుభవమే మీకూ మిగులుతుంది. ఓ ఎనిమిది పది ముఖాల కథ ముందే ఇంట్లో చెప్పి తీసుకెళ్ళండి. మిగతావాటి ముందు ఆగకండి. నాన్నగారు ఇంగ్లీషు మాస్టారు అంటున్నారు, ఆయనకైతే సగం మంది పాతపరిచయస్తులే. ఈ గ్యాలరీ జాబితాలో ఒకటో నంబరు బొమ్మ ఎవరిదనుకుంటున్నారు? షేక్‌స్పియర్‌ది.

ఉమ_ఆర్
నాన్నకి ఆ సంగతి ఇప్పుడే చెప్పాను. "అయితే వెళ్దాం" అన్నారు. అమ్మ మాత్రం ఇంకో పాయింట్ లాగింది. "గోడకి ఫోటో పెట్టారంటే పోయినవాళ్ళనే కదా. అంతమంది పోయినవాళ్ళ మధ్య తిరగడమేంటే" అంటోంది. ఏం చెప్పాలో తెలీలేదు. మన ఇళ్ళల్లో దండ వేసిన ఫోటోలు చూసి పెరిగిన మనిషి మరి.

పాతపుస్తకం
అమ్మగారికి నా నమస్కారాలు. ఆవిడ చెప్పింది అక్షరాలా ఆ గ్యాలరీ పాత నియమమే! మొదట్లో పోయినవాళ్ళ బొమ్మలు మాత్రమే తీసుకునేవారు, అది కూడా పోయి పదేళ్ళు దాటితేనే. రాజుకీ రాణికీ మాత్రం మినహాయింపు. అప్పటి వేడి చల్లారాక, ఈ మనిషి నిజంగా గుర్తుంచుకోదగినవాడేనా అని నిదానంగా తేల్చుకోవచ్చని. బతికున్నవాళ్ళకి తలుపులు తెరిచింది 1969లో. ఇప్పుడైతే మలాలా యూసఫ్‌జాయ్ ఫోటో కూడా అక్కడి సేకరణలో ఉంది. ఇరాన్ కళాకారిణి షిరీన్ నెషాత్ తీసి, ఆ ఫోటో మీద చేత్తో అక్షరాలు రాసింది.

ఇంకో విషయం. పాత గుమ్మం పైన ముగ్గురి రాతి విగ్రహాలు ఉంటాయి, భుజాల దాకా. ఈ గ్యాలరీ కోసం పట్టుబట్టినవాళ్ళు: స్టాన్‌హోప్, కార్లైల్, మెకాలే. అవును, మనకి తెలిసిన మెకాలేనే.

గోదారిగట్టు
ఆగండాగండి. 1835లో మన చదువులు ఇంగ్లీషులో సాగాలని మినిట్ (ప్రభుత్వ పత్రం) రాసిన ఆ మెకాలేనా?! మంచి యూరోపియన్ గ్రంథాలయంలో అల్మారాలో ఒక్క అర మన వాఙ్మయం మొత్తానికి సమానం అన్న మహానుభావుడా? గుమ్మం మీద ఆయన్ని పెట్టుకున్న చోటికి మనవాళ్ళు క్యూ కట్టి మరీ వెళ్ళాలా? నా మొదటి మాటకే కట్టుబడి ఉన్నా. పువ్వులు చూడండి.

పాతపుస్తకం
ఆయనే. 1834లో మన దేశం వచ్చి, ఏడాది తిరక్కుండానే అన్నీ తెలిసినట్టు రాసేశాడు. మీ కోపం న్యాయమే. సేకరణలో రాబర్ట్ క్లైవ్ కూడా ఉన్నాడు, ఇంకా మండుతుంది. ప్లాసీ యుద్ధం అయ్యాక క్లైవ్, అతనితో ముందే బేరం కుదుర్చుకున్న మీర్ జాఫర్ కలుసుకున్నట్టు ఫ్రాన్సిస్ హేమన్ 1760 ప్రాంతంలో వేసిన బొమ్మ అది. హేమన్ మన దేశం మొహం చూడలేదు. ఏనుగుని, తలపాగాల్ని ఊహించుకుని వేశాడు. మీర్ జాఫర్ రెండు చేతులూ చాచి వస్తుంటాడు, క్లైవ్ దర్జాగా నిలబడి ఉంటాడు. ఒక బేరాన్ని ఘనకార్యంలా ఎలా చూపించాలో నేర్చుకోవాలంటే ఇంతకన్నా మంచి పాఠం ఉండదు.

అందుకే వెళ్ళమంటాను. చరిత్ర పుస్తకంలో చదివితే అది వాళ్ళ వాదన అని తెలుస్తుంది. బొమ్మలో చూస్తే, వాళ్ళు తమని తాము ఎలా చూసుకోవాలనుకున్నారో తెలుస్తుంది.

కుంచె
ఇందులో ఇంకో ముచ్చట ఉంది. ఆ ముగ్గురిలో కార్లైల్‌ని మిల్లే అనే చిత్రకారుడు 1877లో వేశాడు, అసంపూర్తిగా వదిలేశాడు. ఆ బొమ్మ ఇక్కడే ఉండేది. 1914 జూలైలో ఓటు హక్కు కోసం పోరాడుతున్న ఒకావిడ లోపలికి వచ్చి, మాంసం కొట్టే కత్తితో ఆ ముఖం మీద వేటు వేసింది. గ్యాలరీని పుట్టించినవాడి ముఖానికే గ్యాలరీలో దెబ్బ. తర్వాత బాగు చేశారు.

విస్సు
ఇదేదో బొమ్మల కొలువు అనుకుని వచ్చా, ఇక్కడ కత్తులు తిరుగుతున్నాయి 😄

ఉమ_ఆర్
అయ్యయ్యో గోదారి గారూ, మీ పోస్టు నాన్నకి చదివి వినిపించాను. మెకాలే పేరు వినగానే ఆయనకి హుషారొచ్చేసింది. "ఆయన రాసిన కాగితం వల్లే కదమ్మా నాకు ఉద్యోగం వచ్చింది, ఆయన్ని ఒకసారి చూసి రెండు మాటలు అడగాలి" అంటున్నారు. మీరు ఆపబోయి ఎక్కించేశారు. ఇంక వెళ్ళడం ఖాయం. టైమింగులు, దారి, మోకాళ్ళ సంగతి ఎవరైనా చెప్పండి.

రమ_లండన్
ఉమా, ఇదిగో నాకు తెలిసినంత. ప్రవేశం ఉచితం. ప్రత్యేక ప్రదర్శనలకి మాత్రం టికెట్ ఉంటుంది, అవి లేకపోయినా ఏం ఫర్వాలేదు, అసలు సరుకంతా ఉచితంలోనే ఉంది. ఉదయం 10:30కి తీస్తారు. శుక్ర, శనివారాలు రాత్రి 9 దాకా ఉంటుంది, మిగతా రోజుల్లో 6 వరకే. మీరు శనివారం అంటున్నారు కాబట్టి సాయంత్రం ఐదు తర్వాత వెళ్ళండి, జనం పలచబడతారు. ట్యూబ్ రైలు అయితే లెస్టర్ స్క్వేర్ గానీ ఛారింగ్ క్రాస్ గానీ.

గుమ్మం దగ్గర జాగ్రత్త. నువ్వు చదువుకునే రోజుల్లో చూసిన గుమ్మం అనుకోకు. 2020లో మూసి, మొత్తం మరమ్మతులు చేసి, 2023 జూన్ 22న మళ్ళీ తెరిచారు. అప్పుడు ఉత్తరం వైపు కొత్త ద్వారం పెట్టారు. పెద్ద పెద్ద కంచు తలుపులు, వాటి నిండా ఆడవాళ్ళ ముఖాలు, మొత్తం 45. ట్రేసీ ఎమిన్ చేసింది. ఫలానావిడ అని ఏ ముఖానికీ పేరు లేదు. లోపలంతా పేరున్నవాళ్ళు, తలుపు మీద పేరు లేనివాళ్ళు. నాకైతే లోపలున్న చాలా బొమ్మల కంటే ఆ తలుపులే ఇష్టం.

మోకాళ్ళకి: లిఫ్ట్ ఎక్కి నేరుగా పై అంతస్తుకి వెళ్ళిపోండి. ట్యూడర్ రాజులు పైన ఉంటారు, కిందికి దిగుతున్నకొద్దీ కాలం మనవైపు వస్తుంది. గదుల మధ్యలో కూర్చోడానికి బల్లలున్నాయి. ఫ్లాష్ లేకుండా ఫోటోలు తీసుకోవచ్చు.

ఒక నిజం ఒప్పుకుంటా. మా అత్తగారిని మొదటిసారి తీసుకెళ్ళినప్పుడు నేను ఆవిడకి నలభై నిమిషాల పాటు నేషనల్ గ్యాలరీ చూపిస్తూ "ఇదే పోర్ట్రెయిట్ గ్యాలరీ అత్తయ్యా" అన్నాను. ఒక్క రాజూ తగల్లేదు, అన్నీ ఏసుప్రభువు బొమ్మలే. చివరికి ఆవిడే "అమ్మాయ్, బోర్డు మీద వేరే ఏదో ఉందే" అంది. పేరులో ఒక మాటే తేడా, గోడ కూడా దాదాపు ఆనుకునే ఉంటుంది.

బొమ్మలపిచ్చి
ఆలస్యంగా వచ్చాను. తొమ్మిదేళ్ళ పిల్లాడి కడుపునొప్పికి మందు నా దగ్గర ఉంది. పై అంతస్తులో ఆరో ఎడ్వర్డ్ బొమ్మ ఎక్కడుందో అడిగి తీసుకెళ్ళండి. విలియం స్క్రాట్స్ 1546లో వేసింది. ఎదురుగా నిలబడి చూస్తే ముఖం సాగదీసిన రబ్బరులా, ముక్కు బారెడు పొడుగ్గా ఉంటుంది. ఏమీ చెప్పకండి, నవ్వనివ్వండి. తర్వాత కుడివైపు చివరికి తీసుకెళ్ళి, గోడకి దాదాపు చెంప ఆనించినట్టు నిలబెట్టి ఒక కన్ను మూయమనండి. చక్కటి కుర్రాడి ముఖం చటుక్కున గుండ్రంగా కుదురుకుంటుంది. అందులో ఉన్న యువరాజుకి అప్పుడు మీవాడి వయసే, ఆ మరుసటి ఏడాదే రాజయ్యాడు.

అక్కడే హోల్బైన్ వేసిన ఎనిమిదో హెన్రీని వదలకండి. రెండున్నర మీటర్ల ఎత్తు కాగితం. కాళ్ళు ఎడంగా పెట్టి, నడుం మీద చెయ్యేసి నిలబడతాడు, వెనకాల వాళ్ళ నాన్న ఏడో హెన్రీ. అది అసలు బొమ్మ కాదు, వైట్‌హాల్ రాజభవనం గోడ మీద వేయడానికి ముందు 1536-37లో తయారుచేసుకున్న నమూనా. దగ్గరికెళ్ళి చూస్తే గీతల వెంబడి సూదితో పొడిచిన సన్నటి బెజ్జాలు కనిపిస్తాయి. కాగితాన్ని గోడకి ఆనించి ఆ బెజ్జాల మీద బొగ్గు పొడి మూటతో కొడితే గీతలు గోడ మీదకి దిగుతాయి. అమ్మగారికి చెప్పండి, అచ్చం మనం ముగ్గు అచ్చు మీద పిండి పోసి రుద్దినట్టేనని. ఆ భవనం 1698లో తగలబడిపోయింది, గోడ మీది బొమ్మ బూడిదైంది. ముగ్గు పోయింది, అచ్చు మిగిలింది. అది కూడా సగమే. రాణుల వైపున్న రెండో సగం దొరకలేదు.

కుంచె
ముగ్గు అచ్చు పోలిక అదిరింది మాస్టారూ. నేను ఇరవై ఏళ్ళుగా ఆ పద్ధతిని వివరించడానికి తంటాలు పడుతున్నా.

బొమ్మలపిచ్చి
మా అమ్మ చలవ 🙂 ఇంకొకటి రాసి ఆపేస్తా. మొదటి ఎలిజబెత్ బొమ్మలు రెండు మూడు ఉంటాయి. 1575 నాటి డార్న్‌లీ పోర్ట్రెయిట్‌లో ఆవిడ ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటుంది. ఆవిడ అలాగే ఉండేదని, సినిమాల వాళ్ళు కూడా అలాగే పిండి పూసి చూపిస్తారు. తీరా రంగుల్ని పరీక్షిస్తే తేలింది ఏమిటంటే, చెంపల్లో వేసిన ఎరుపు రంగు వెలుతురికి వెలిసిపోయింది. వేసిన రోజున ఆవిడ చెంపలు గులాబీ రంగులో ఉండేవి. గౌను మీద ఇప్పుడు గోధుమ రంగుగా కనిపించే పనితనం కూడా అప్పట్లో ముదురు ఎరుపు. ఎండకి వెలిసిన చీర మడత విప్పి చూస్తే లోపల అసలు రంగు కనిపిస్తుందే, అలాంటిది.

ఆవిడదే ఇంకో పెద్ద బొమ్మ డిచ్లీ పోర్ట్రెయిట్, 1592 ప్రాంతంది. ఇంగ్లండ్ పటం మీదే నిలబడి ఉంటుంది. పాదాలు సరిగ్గా ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో, ఆ బొమ్మ వేయించిన సర్ హెన్రీ లీ ఇల్లున్న చోట. దొరగారి కాకాకొట్టుడు చూడండి. కుడిపక్క ఒక పద్యం రాసి ఉంటుంది, కానీ తర్వాత ఎవరో ఆ గుడ్డ అంచు కోసేయడంతో ప్రతి పాదం చివరి మాటలు ఎగిరిపోయాయి.

విస్సు
నాదో డౌట్. షేక్‌స్పియర్ బొమ్మ నిజంగా ఆయనదేనా? ఎక్కడో కాదని చదివాను.

పాతపుస్తకం
ఖాయంగా ఆయనదే అని ఎవరూ చెప్పలేరు. చాండోస్ పోర్ట్రెయిట్ అంటారు, ఒకప్పుడు చాండోస్ ప్రభువుల దగ్గర ఉండేది కాబట్టి. 1600-1610 మధ్య వేసింది, జాన్ టేలర్ వేశాడని నమ్మకం. ఆయన బతికుండగా వేసిన బొమ్మ అని చెప్పుకోదగ్గ వాటిలో ఎక్కువ నమ్మదగింది ఇదే. కానీ చేతిలో సంతకం పెట్టిన కాగితం లాంటి రుజువు లేదు. చెవికి పోగు, మెడ దగ్గర విప్పుకున్న దారాలు. స్కూల్ పుస్తకంలో ఉన్న బట్టతల పెద్దమనిషి కన్నా ఈయన మనిషిలా ఉంటాడు.

గోదారిగట్టు
నా మాట ఎవరూ వినట్లేదని అర్థమైంది. సరే, ఇంత చెప్పాక నేనూ ఒక మంచి మాట చెప్పి పక్కకి తప్పుకుంటా. జోషువా రెనాల్డ్స్ వేసిన మాయ్ బొమ్మ. తాహితీ వైపు దీవుల కుర్రాడు, 1774లో ఓడెక్కి లండన్ వచ్చాడు, రెండేళ్ళు ఉండి కెప్టెన్ కుక్ ఓడలో వెనక్కి వెళ్ళాడు. తెల్లటి బట్టలు, చేతుల మీద పచ్చబొట్లు, కాళ్ళకి చెప్పుల్లేవు. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో నల్లవాళ్ళనీ బయటి దేశాలవాళ్ళనీ ఎక్కువగా బొమ్మలో ఒక మూలకి, గొడుగు పట్టుకునే పనికి వాడేవారు. ఈయన ఒక్కడే ఫ్రేమంతా నిండి రాజులా నిలబడ్డాడు. 2023లో 5 కోట్ల పౌండ్లు పోసి, లాస్ ఏంజెలెస్‌లోని గెట్టీ మ్యూజియంతో సగం సగం పంచుకుని కొన్నారు. విగ్గుల మధ్య నాకు నచ్చింది అదొక్కటే. నాలుగు గంటలు నడిచిన కాళ్ళతో కూడా దాని ముందు ఆగాను.

రమ_లండన్
పంచుకుని కొన్నారు కాబట్టి కొన్నాళ్ళు ఇక్కడ, కొన్నాళ్ళు అమెరికాలో ఉంటుంది. ఉమా, దాని కోసమే వెళ్తే మాత్రం ముందు గ్యాలరీ వెబ్‌సైట్‌లో చూసుకుని వెళ్ళు. మిగతా బొమ్మలకీ అంతే, అప్పుడప్పుడు లోపల పెట్టేస్తారు, ఇంకో ఊరికి పంపుతారు. కాగితం మీద గీసినవైతే మరీనూ, వెలుతురికి పాడవుతాయని.

ఉమ_ఆర్
వెళ్ళొచ్చాం! రాత్రి పది దాటింది, పడుకునే ముందు రాసేస్తున్నా, లేకపోతే సగం మర్చిపోతాను.

ముందు మా వాడి సంగతి. ట్యూబ్‌లో ఉన్నంతసేపూ కడుపునొప్పి. ఆరో ఎడ్వర్డ్ దగ్గర తగ్గిపోయింది. బొమ్మలపిచ్చి గారూ, ఆ పిల్లాడి ముక్కు చూసి వాడు నవ్విన నవ్వుకి అక్కడి గార్డు కూడా నవ్వాడు. తర్వాత పక్కకెళ్ళి ఒక కన్ను మూసి చూసి, "అమ్మా, వీడు సెట్ అయిపోయాడు!" అని అరిచాడు. ఆ తర్వాత వచ్చినవాళ్ళందరికీ వాడే గైడ్. ఒక జపాన్ ఆవిడని చెయ్యి పట్టుకుని పక్కకి లాక్కెళ్ళాడు. అక్కడినుంచి వాణ్ణి కదిలించడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

నాన్న షేక్‌స్పియర్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు, హెడ్మాస్టరు గదిలో నిలబడ్డట్టు. ముప్పై రెండేళ్ళు పాఠం చెప్పారు ఆయన నాటకాల్లోంచి. పాతపుస్తకం గారు రాసింది చెప్పాను, ఆయనో కాదో ఖాయంగా తెలీదట నాన్నా అని. కాసేపు చూసి "ఆయనే" అన్నారు. ఎలా తెలుసంటే, "నిద్రలేని కళ్ళు. పేపర్లు దిద్దేవాళ్ళకి అలా ఉంటాయి" అన్నారు. పరిశోధకులు ఇన్నాళ్ళు వృథాగా కష్టపడ్డారు.

బయటకొచ్చాక పాత గుమ్మం వైపు తీసుకెళ్ళి మెకాలేని చూపించాను. చాలా ఎత్తున ఉన్నాడు, మెడ వెనక్కి విరుచుకుని చూడాలి. రెండు మాటలు అడుగుతానన్న మనిషి ఏమీ అడగలేదు. "పైకి చూస్తూ మాట్లాడాల్సి వస్తోందే, అప్పుడూ ఇప్పుడూ" అని నడిచేశారు. గోదారి గారూ, మీకు చెప్పమన్నారు.

ఇంక అమ్మ. రమక్కా, నువ్వు చెప్పినట్టే తలుపుల దగ్గరే ఆగిపోయింది. నలభై అయిదు ముఖాలూ చూస్తానంది. "వీళ్ళు ఎవరు?" అంటే "ఎవరో తెలీదమ్మా, పేర్లు లేవు" అన్నాను. "ఈవిడ మన సుబ్బలక్ష్మి పిన్నిలా లేదూ?" అని మొదలుపెట్టి, ఒక్కొక్కరినీ మా చుట్టాలతో పోల్చేసింది. లోపలికి వెళ్ళకుండానే ఆవిడ గ్యాలరీ అయిపోతుందేమో అనుకున్నా. హెన్రీ కాగితం మీది బెజ్జాలు చూసి మాత్రం "దీనికి బొగ్గెందుకు, పసుపైతే ఇంకా బాగా దిగేది" అంది.

నవలలు రాసిన జేన్ ఆస్టెన్ దగ్గర ఒక తమాషా. వాళ్ళక్క కసాండ్రా 1810 ప్రాంతంలో పెన్సిల్‌తో గీసి, ముఖానికి కొంచెం రంగు అద్దింది. దాదాపు అరచేయంతే, అంత చిన్నదని నాకు గుర్తే లేదు. బిగించిన పెదవులు, చేతులు కట్టుకుని పక్కకి చూస్తూ "గీస్తే గీసుకో" అన్నట్టుంది. నాన్న పర్సులోంచి పది పౌండ్ల నోటు తీసి పక్కన పెట్టి చూశారు. నోటు మీదున్న ఆస్టెన్ కూడా ఈ బొమ్మ ఆధారంగా తర్వాతివాళ్ళు చేసిందేనట, కానీ ఆవిడ ముద్దుగా, మెత్తగా ఉంది. అమ్మ రెండూ చూసి "అక్క గీసిందే కరెక్టు. ఇది పెళ్ళిచూపులకి పంపిన ఫోటో" అని నోటుని చూపించింది.

ఆఖరున ఇంగ్లీషు నవలలు రాసిన బ్రాంటీ అక్కచెల్లెళ్ళు. ఇది మీరెవరూ చెప్పలేదు, అందుకే రాస్తున్నా. ముగ్గురు అమ్మాయిలు, యాన్, ఎమిలీ, షార్లెట్. వాళ్ళ అన్నదమ్ముడు బ్రాన్‌వెల్ 1834 ప్రాంతంలో వేశాడు, అప్పటికి ఎవరి పుస్తకమూ అచ్చు కాలేదు. అంత బాగా ఏమీ వేయలేదు, కుంచె గారు చెప్పిన నాసి బాపతే. కాన్వాసు నిండా మడతల గీతలు, ఎందుకంటే ఎన్నో ఏళ్ళు మడతపెట్టి బీరువా మీద పడేశారట. షార్లెట్ భర్త మళ్ళీ పెళ్ళి చేసుకున్నాక ఆ రెండో భార్యకి దొరికింది. 1914లో గ్యాలరీకి వచ్చింది.

ఆ బొమ్మ మధ్యలో ఒక స్తంభం ఉంటుంది. పరీక్షగా చూస్తే స్తంభంలో ఒక మనిషి నీడ. బ్రాన్‌వెల్ మొదట తననీ వేసుకుని, తర్వాత తనమీద స్తంభం వేసేశాడు. రంగు ముసలిదై పలచబడుతున్నకొద్దీ అడుగునున్న మనిషి పైకి తేలుతున్నాడు. అమ్మ బల్ల మీద కూర్చుని పది నిమిషాలు దాన్నే చూసింది. "ఎవరు చెరిపారు ఆ అబ్బాయిని?" అంది. అతనే అన్నాను. "ఎందుకు?" తెలీదన్నాను. ముప్పై ఒక్కేళ్ళకి పోయాడు, తాగుడూ జబ్బూ, ఆ సంగతి చెప్పాను. ఇంకేం అడగలేదు.

మా అమ్మమ్మ వాళ్ళింట్లో ఒక గ్రూప్ ఫోటో ఉండేది. అమ్మ, ఇద్దరు పిన్నిలు, పక్కన కత్తెరతో కత్తిరించేసిన ఖాళీ. ఎవరి భుజం మీదో ఒక చెయ్యి మాత్రం మిగిలిపోయింది. చిన్నప్పటినుంచి ఎన్నిసార్లు అడిగినా "నీకెందుకే" అనేది. ఈ రోజు ట్యూబ్‌లో, నేను అడక్కుండానే చెప్పింది. ఆ సంగతి ఇక్కడ రాయలేను.

మొత్తం మీద రెండు గంటల పావు ఉన్నాం. మాయ్ ఈసారి దొరకలేదు.

రమ_లండన్
చదివి కాసేపు ఊరుకున్నా ఉమా. అమ్మకి మోకాళ్ళు ఎలా ఉన్నాయి ఇప్పుడు?

ఉమ_ఆర్
వేడినీళ్ళ కాపడం పెట్టించుకుని పడుకుంది అక్కా. బానే ఉంది.

గోదారిగట్టు
మీ నాన్నగారి మాట స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా. ఓడిపోయానని అనను గానీ, ఈసారి లండన్ వస్తే పొద్దున్నే ముందు అక్కడికే వెళ్తా. పువ్వులు తర్వాత.

కుంచె
కాళ్ళు నొప్పి పుట్టకముందు 🙂

బ్రాంటీ బొమ్మ గురించి నేనెలా మర్చిపోయానో తెలీదు. ఎన్నిసార్లు చూసినా ఆ స్తంభాన్ని నేను చిత్రకారుడి తప్పు కిందే లెక్కేశాను. రంగు పలచనవడం, అడుగు గీత తేలడం, అన్నీ సాంకేతికం. మీ అమ్మగారు అడిగిన "ఎందుకు" నాకెప్పుడూ తోచలేదు.

విస్సు
ఇంతకీ ఎందుకు చెరుపుకున్నాడంటారు? స్థలం చాల్లేదనా?

బొమ్మలపిచ్చి
కావచ్చు, నలుగురూ ఇరుక్కుని ఉన్నారు. తన ముఖం తనకే కుదరక కూడా కావచ్చు. అద్దంలో చూసుకుంటూ వేయడం మహా కష్టం, నేను ఆరుసార్లు వేసి ఆరుసార్లూ చింపేశాను.

ఉమ_ఆర్
మా వాడు పొద్దున్నే లేచి అద్దం ముందు కూర్చున్నాడు, పెన్సిలూ కాగితమూ పెట్టుకుని. ముక్కు బారెడు వేశాడు. పక్కనుంచి చూడమంటున్నాడు.